ఒక్క ఆకూ ఉండకూడదన్నారు

రండర్రా, రండి. అంత దూరంగా మెట్ల మీద కూర్చుంటే కథ సగం మీకు, సగం వీధికి పోతుంది. ఇలా చాప మీదికి జరగండి. చెల్లిని ఒళ్ళో కూర్చోబెట్టుకో అమ్మా, అది పలక కొరుకుతోంది చూడు. ఆఁ, సర్దుకున్నారా? అయితే వినండి.

కొండ కింద ఓ ఊరుంది. పేరు చెప్పను. చెబితే ఆ ఊరివాళ్ళు మన బడి మీదికొస్తారు. ఆ ఊళ్ళో పోలమ్మ అని ఒకావిడ. ఆవిడకి ఇద్దరు కొడుకులు. పెద్దాడు తవిటినాయుడు, వాడి భార్య పైడితల్లి. చిన్నాడు గవరయ్య, పెళ్ళి కావాల్సినవాడు. నలుగురూ నలుగురే. మాకున్నంత తెలివి ఈ చుట్టుపక్కల ఇరవై ఊళ్ళలో లేదని వాళ్ళ నమ్మకం.

"తెలివిని మేం ఎక్కడపడితే అక్కడ పారెయ్యం బాబూ. ఉట్టి మీద పెట్టి దాచుకుంటాం, పిల్లి ముట్టకుండా" అనేది పోలమ్మ.

నిజమే, ఉట్టి మీదే పెట్టారు. దింపడమే మర్చిపోయారు.

తవిటినాయుడి తెలివి చెప్పమంటారా? ఏరు దాటేటప్పుడు చెప్పులు తడుస్తాయని విప్పి చేత్తో పట్టుకునేవాడు. ఏటి మధ్యకి వెళ్ళాక, చేతులు నొప్పెడుతున్నాయని మళ్ళీ కాళ్ళకి వేసుకునేవాడు. ఒడ్డుకొచ్చాక "చూశారా, సగం తడి తప్పించాను" అనేవాడు.

సరే, వాళ్ళ వాకిట్లో మూడు బాదం చెట్లు. మాఘమాసం వచ్చిందంటే బాదం ఆకు ఎర్రబడి రాలుతుంది, మీకు తెలుసు. ఒక్కో ఆకు అప్పడమంత. రోజూ ఊడ్చేవాళ్ళకి అదో పనే కాదు. కానీ వీళ్ళింట్లో చీపురు పట్టి నాలుగు నెలలైంది.

ఎందుకంటారా? ఇంట్లోంచి మనిషి బయల్దేరి వెళ్ళగానే వాకిలి ఊడవకూడదని మన పెద్దవాళ్ళు అంటారు కదా. కాసేపాగి ఊడుస్తాం మనం. పోలమ్మ అత్తగారు పోయేముందు ఆ మాటే చెప్పి పోయింది. ఎంతసేపు ఆగాలో చెప్పకుండా పోయింది. అంతే. పైడితల్లి పొద్దున్నే చీపురు అందుకునేది. పాలవాడు పాలు పోసి వెళ్ళేవాడు. మనిషి వెళ్ళాడు, ఊడవకూడదు! చీపురు మూల పెట్టేది. గంటాగి తీసేది. గవరయ్య పొలానికి వెళ్ళేవాడు. మళ్ళీ మూల పెట్టేది. సాయంత్రం తీసేది. పిల్లి గోడ దూకి వెళ్ళేది.

"అత్తా, పిల్లి మనిషేటి?" అని పైడితల్లి అడిగింది ఓసారి.

"మనింట్లో పాలు తాగుతోందా లేదా?"

"తాగుతోంది."

"అయితే మనింటి మనిషే. చీపురు మూల పెట్టు."

ఇంకేముంది, మాఘమాసం సగానికొచ్చేసరికి వాకిట్లో ఆకులు మోకాలెత్తు పేరుకున్నాయి. కోడి గుడ్డు పెడితే అది ఎక్కడుందో కోడికే తెలిసేది కాదు. పోస్టుమాను గేటు దగ్గర నిలబడి "లోపలికి దారెటు?" అని కేకేసేవాడు.

అలాంటి సమయంలో గవరయ్యకి సంబంధం వచ్చింది. పిల్ల పేరు వరహాలు. సంతలో ఓసారి గవరయ్య పుచ్చకాయ పండిందో లేదో చూడాలని చెవి దగ్గర పెట్టుకుని "పండావా?" అని అడుగుతుంటే చూసి, పగలబడి నవ్వింది. ఆ నవ్వు మర్చిపోలేక గవరయ్య ఆర్నెల్లుగా అన్నం సరిగ్గా తినడం లేదు. రెండు పూటలే తింటున్నాడు, మూడో పూట టిఫిను. పిల్లకీ ఇష్టమే. కానీ పిల్ల తండ్రి సన్యాసినాయుడు మాట మీద నిలబడే మనిషి. నిలబడితే కూర్చోడు. ఆయన ఫోను చేశాడు.

"చూడు వదినా, మీ వాకిలి సంగతి నా చెవిన పడింది. శుక్రవారం మా అమ్మని, నలుగురు పెద్దల్ని తీసుకుని భోజనం వేళకి వస్తాను. మీ వాకిట్లో ఒక్క ఆకు కూడా నా కంట పడకూడదు. పడిందా, సంబంధం లేదు. పడలేదా, తాంబూలాలు పుచ్చుకుందాం. సన్యాసినాయుడి మాటంటే మాటే."

ఫోను పెట్టేశాడు. గవరయ్య ఆకుల్లో కూలబడ్డాడు. కూలబడితే తల మాత్రమే పైకి కనబడింది.

"ఏడవకురా గుంటడా" అన్నాడు తవిటినాయుడు. "ఊడవకూడదు గానీ, ఊదకూడదని నాయనమ్మ చెప్పిందేటి? పట్నంలో ఆకులు ఊదే మిషన్లు అమ్ముతున్నారట. గాలి కొడితే ఆకులు లేచిపోతాయట."

"చూశారా, ఉట్టి మీంచి దిగింది తెలివి!" అని పోలమ్మ కొడుక్కి దిష్టి తీసింది. అంతే, నలుగురూ పట్నం బస్సెక్కారు.

పట్నంలో మోటార్లు, మందు కొట్టే పంపులు అమ్మే కొట్టు ఉంది. షావుకారు నర్సింగరావు మంచివాడు, ఓపిక ఉన్నవాడు. ఆ రోజుతో ఆ ఓపిక అయిపోయింది, అది వేరే సంగతి.

"ఆకులు ఊదే మిషనా? ఉన్నాయి. ఏది సరిపోతుందో చెప్పాలంటే ముందు నాకు రెండు సంగతులు తెలియాలి. మీ వాకిలి ఎంత? ఆకులు ఎలాంటివి? పొడివా, తడివా, చిన్నవా, పెద్దవా? అవి చూసుకుని కొనాలి."

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెంటనే బస్సెక్కి ఇంటికొచ్చేశారు. వచ్చి వాకిలి కొలవాలనుకున్నారు. టేపు లేదు. గవరయ్యని నేల మీద పడుకోబెట్టారు, తల దగ్గర గీత, కాళ్ళ దగ్గర గీత. లేపి ముందుకు జరిపి మళ్ళీ పడుకోబెట్టారు. పొడుగు పధ్నాలుగు గవరయ్యలు, వెడల్పు తొమ్మిది గవరయ్యలు. మధ్యలో పదకొండో గవరయ్య దగ్గర వాడికి నిద్రపట్టేసింది, అందుకని ఓ గంట ఆలస్యం.

మర్నాడు మధ్యాహ్నం కొట్టు ముందు ట్రాక్టరు ఆగింది. ట్రాక్టరు నిండా గోనె సంచులు.

"ఏంటివి?" అన్నాడు షావుకారు.

"ఆకులండి. ఎలాంటివో చూడాలన్నారు కదా. మొత్తం తెచ్చాం, నలభై ఆరు బస్తాలు. ఒకటి చూసి ఒకటి చూడలేదని రేపు మీరు అనకూడదు" అన్నాడు తవిటినాయుడు.

"వాకిలి పధ్నాలుగు గవరయ్యలండి. గవరయ్యంటే ఎంతని మీరడుగుతారని వాణ్ణీ తెచ్చాం. ఒరే, పడుకుని చూపించు" అంది పోలమ్మ. గవరయ్య కొట్లో అడ్డంగా పడుకున్నాడు. ఇద్దరు ఖాతాదార్లు వాణ్ణి దాటుకుని బయటికి పోయారు.

షావుకారు తల గోక్కున్నాడు. "ఉండండుండండి. ఆకులన్నీ ఇక్కడే ఉన్నాయా?"

"ఒక్కటి వదల్లేదండి. రాత్రికి రాత్రి చేత్తో ఏరాం. ఊడవలేదు సుమండీ, ఏరాం."

"మరి మీ వాకిలి ఇప్పుడు శుభ్రంగా ఉందిగా!"

"అద్దంలా ఉందండి."

"ఇంక మిషనెందుకమ్మా?"

పోలమ్మకి జాలేసింది. ఇంత పెద్ద కొట్టు పెట్టినవాడికి ఇంత చిన్న సంగతి తెలియదా అని. "ఆకులు లేకపోతే మిషను ఏటి ఊదుతుంది నాయనా? తిరిగి తీసుకెళ్ళి ఎక్కడివక్కడ పోసేస్తాం. మిషను కొన్నాక దానికి పని ఉండొద్దూ?"

షావుకారు మంచినీళ్ళు తాగాడు. తర్వాత ఒక్కో మిషను చూపించాడు.

"ఇది కరెంటుది. తీగ ఉంటుంది. ప్లగ్గు దగ్గర్లో ఉంటే బాగా పనిచేస్తుంది."

"మా ప్లగ్గు వంటింట్లో ఉందండి" అంది పైడితల్లి. "వంటింట్లో ఆకుల్లేవు. వద్దు."

"పోనీ ఇది బ్యాటరీది. అరగంట పనిచేస్తుంది. తర్వాత రెండు గంటలు ఛార్జింగులో పెట్టాలి."

పోలమ్మ గవరయ్య వైపు చూసింది. వాడు ఇంకా పడుకునే ఉన్నాడు. "అరగంట పనిచేసి రెండు గంటలు పడుకునేవాడు మా ఇంట్లో ఒకడున్నాడు. రెండోవాణ్ణి పోషించలేం."

"అయితే ఇది పెట్రోలుది. వీపుకి తగిలించుకోవాలి. దీని గాలికి తడి ఆకైనా నిలబడదు. కానీ బరువు. ఇంట్లో ఎవరి వీపు పెద్దదో, ఎవరు గట్టివాళ్ళో వాళ్ళకి తగిలించండి. మిషను నడిచేటప్పుడు మనుషులు, పశువులు దూరంగా ఉండాలి. గుర్తుంటుందా?"

"ఉంటుందండి. పెద్ద వీపు. దూరం" అన్నాడు తవిటినాయుడు, వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ.

అంతే, మిషను కొన్నారు. నలభై ఆరు బస్తాలతో ఇంటికొచ్చారు. రాత్రంతా కూర్చుని ఆకులు ఎక్కడివక్కడ పోశారు. ఒక బస్తా తక్కువొస్తే పైడితల్లి పక్కింటివాళ్ళ దొడ్లోంచి అడిగి తెచ్చింది.

గురువారం పొద్దున్న మిషను వాకిట్లో మంచం మీద పెట్టారు. తవిటినాయుడు తాడు లాగాడు. భుర్రుమంది! "దూరం! దూరం!" అని అరుస్తూ నలుగురూ బయటికి పరిగెత్తారు. దూరంగా ఉండాలన్నారు కదా. ఎంత దూరమో చెప్పలేదు. చెరకుతోట దాకా పోయి గట్టు మీద కూర్చున్నారు. మిషను ఒంటరిగా మంచం మీద కూర్చుని ఒకే వైపు ఊదింది. ఊది ఊది ఎదురింటి దండెం మీది బట్టలన్నీ ఊరి చివర తుమ్మచెట్లకి ఆరేసింది. పెట్రోలు అయిపోయాక ఆగింది.

తిరిగొచ్చి చూస్తే ఆకులు ఎక్కడివక్కడే ఉన్నాయి.

"మళ్ళీ మొదలెడదామా?" అన్నాడు గవరయ్య.

"ఎలారా? మనం నలుగురం ఇందాక ఇంట్లోంచి వెళ్ళాం కదా" అంది పోలమ్మ. "ఇవాళ్టికి వాకిలి ముట్టుకోకూడదు."

"ఊదొచ్చని ఒప్పుకున్నావు కదే!"

"ఊదితే ఆకులు పోతాయా పోవా? పోతాయి. పోతే ఊడ్చినట్టు కాదేటి? ఇవాళ్టికి వద్దు. తెల్లారనీ."

గవరయ్యకి ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు. వరహాలు నవ్వే గుర్తొచ్చింది.

శుక్రవారం తెల్లారింది. తవిటినాయుడు ముందు గేటుకి తాళం వేశాడు, ఎవరూ వెళ్ళకుండా. పిల్లిని బుట్ట కింద పెట్టాడు. తర్వాత ఆలోచన మొదలెట్టాడు. "పెద్ద వీపున్నవాళ్ళకి తగిలించమన్నాడు షావుకారు. నా వీపు ఎంత?" తాడుతో కొలిచారు. మూడు జానలు. గవరయ్యది రెండున్నర. పోలమ్మది మూడుంబావు. అప్పుడు పైడితల్లి, "మన గంగన్నది కొలిచారా?" అంది.

గంగన్నంటే వాళ్ళింటి ఎద్దు. కొలిచారు. పదకొండు జానలు!

ఇంకేముంది, మిషనులో మళ్ళీ పెట్రోలు పోసి, తీసుకెళ్ళి గంగన్న వీపుకి కట్టేశారు. గొట్టం తోక పక్కనించి వెనక్కి. మీట వదలకుండా గట్టిగా పట్టుకోవాలని పుస్తకంలో బొమ్మ ఉంది. ఎద్దుకి చేతుల్లేవు కాబట్టి మీటకి తాడు బిగించేశారు. తవిటినాయుడు మిషను తాడు లాగాడు.

భుర్రుర్రుర్రు!

గంగన్న పుట్టాక అలాంటి చప్పుడు తన వెనకాల వినలేదు. లంఘించింది. వాకిలి చుట్టూ ఒకటే పరుగు. ఒక చుట్టు, రెండు చుట్లు, మూడు చుట్లు!

"చూశావా అమ్మా, మన ఎద్దుకి కూడా తెలుసు! మిషనుకి దూరంగా ఉండాలని ఎలా పరిగెడుతోందో!" అన్నాడు తవిటినాయుడు మురిసిపోతూ.

గంగన్న ఇటు తిరిగితే ఆకులు అటు లేచాయి. అటు తిరిగితే ఇటు లేచాయి. ఎటు లేచినా తెరిచి ఉన్నది ఒక్కటే, ఇంటి తలుపు. నలభై ఆరు బస్తాల ఆకులూ వరసగా అందులోకి దూరాయి. ముందుగది నిండింది, మధ్యగది నిండింది, కిటికీల్లోంచి ఎర్రగా తొంగిచూశాయి. గంగన్న గడ్డివాములో తల దూర్చి ఆగింది. తవిటినాయుడు పోయి మీట తాడు కోశాడు.

వాకిలి అద్దం! పోలమ్మ పరిగెత్తుకెళ్ళి ఇంటి తలుపు మూసి, వీపు ఆనించి నిలబడింది. వంట ఎలాగూ పశువులపాకలో చేశారు. గుమ్మానికి కట్టిన మావిడాకుల తోరణం కూడా తెంపి లోపలికి విసిరేశారు. ఒక్క ఆకూ ఉండకూడదన్నారు కదా.

సరిగ్గా భోజనం వేళకి సన్యాసినాయుడు దిగాడు. పక్కన వాళ్ళమ్మ నూకాలమ్మ, వెనక నలుగురు పెద్దలు. తవిటినాయుడు తాళం తియ్యగానే ఆయన గేటు దగ్గర ఆగి వాకిలంతా కలియజూశాడు. వంగి మంచం కింద చూశాడు. ఆఖరికి చెట్టు మొదట్లో కూడా చూశాడు.

"వదినా, మాట నిలబెట్టుకున్నారు. ఒక్కటంటే ఒక్క ఆకు లేదు!"

"మా ఇంట్లో అంతే అన్నయ్యా, చెప్పింది చెప్పినట్టు చేస్తాం. వాకిట్లోనే కూర్చోండి, గాలి బాగా వస్తుంది" అంది పోలమ్మ, తలుపు వదలకుండా.

"సరే, భోజనాలు కానిచ్చి తాంబూలాలు పుచ్చుకుందాం."

గవరయ్యకి కళ్ళనీళ్ళు తిరిగాయి. మిషనుని ముద్దుపెట్టుకోవాలనిపించి గడ్డివాము వెనక్కి పోయాడు. ఎద్దు వీపు మీంచి దాన్ని విప్పాడు. తుడిచాడు. తన రెండున్నర జానల వీపుకి తగిలించుకుని చూసుకున్నాడు.

ఇటు వాకిట్లో పంక్తి వేశారు. మన వైపు అడ్డాకులు కుట్టిన విస్తర్లలో కదా భోజనాలు. పైడితల్లి వరసగా విస్తర్లు పరిచింది. అన్నం పెట్టింది, ముద్దపప్పు పెట్టింది, గోంగూర, గుమ్మడికాయ పులుసు, పైన నెయ్యి. సన్యాసినాయుడు నీళ్ళు చల్లి ముద్ద కలిపాడు. నోరు తెరిచాడు.

అప్పుడే గవరయ్య గడ్డివాము వెనకనించి ఇటొచ్చాడు. చూశాడు. వాకిట్లో ఆకులు! ఒకటి కాదు రెండు కాదు, ఆరు విస్తర్లు. ఒక్కో విస్తట్లో కుట్టిన ఆకులు ఎనిమిదేసి. నలభై ఎనిమిది ఆకులు, సాక్షాత్తూ మామగారి ముక్కు కింద! ఆయన తల ఇంకొంచెం దించితే కనబడిపోతాయి. సంబంధం పోతుంది. వరహాలు పోతుంది.

"మామా! కిందికి చూడకు! కళ్ళు మూసుకో!" అని కేకేసి తాడు లాగాడు.

భుర్రుర్రుర్రు!

ఏం చెప్పమంటారు! విస్తర్లు గద్దల్లా లేచాయి. ముద్దపప్పు పెద్దల మీసాల మీద వాలింది. పులుసు తలపాగాలకి పట్టింది. గుమ్మడికాయ ముక్క ఒకటి గంగన్న నోట్లో పడింది, ఆ ఇంట్లో ఆ పూట భోంచేసింది అదొక్కటే. విస్తర్లన్నీ గోడ దాటి ఎదురింటి దొడ్లో పడ్డాయి. ఆ గాలికి ఇంటి తలుపు కూడా తెరుచుకుంది. పోలమ్మ వెనక్కి లోపల పడింది, మధ్యగది దాకా జారి ఆకుల్లో మునిగిపోయింది.

మిషను ఆగింది. సన్యాసినాయుడి చెయ్యి నోటి దగ్గరే ఉంది. ముద్ద లేదు. లేచాడు. నెత్తి మీంచి గోంగూర జారుతోంది.

"సంబంధం..." అన్నాడు పళ్ళు నూరుతూ.

"ఆగరా!" అంది నూకాలమ్మ. ముసలావిడ కడుపు పట్టుకుని నవ్వుతోంది, పళ్ళు లేని నోరంతా తెరిచి. "నువ్వన్నదేటి? ఒక్క ఆకు కంట పడకూడదన్నావు. చూడు వాకిట్లో. పడుతోందా?"

సన్యాసినాయుడు చూశాడు. అన్నం ఉంది, పప్పు ఉంది, నెయ్యి ఉంది. ఆకు లేదు. మాటంటే మాట మనిషి. మింగలేడు, కక్కలేడు.

"సరే! ఆకు లేదు! ఒప్పుకున్నాను!" అని అరిచాడు. "కానీ ఈ అన్నం సంగతేటి? నా కూతురు ఈ పప్పులో అడుగుపెట్టాలా? వాకిలి ఊడ్చి, కడిగి, ముగ్గేసిన రోజున కబురు పెట్టండి. ఆ రోజే ముహూర్తం. అంతదాకా పెళ్ళి లేదు!" అని విసవిసా వెళ్ళిపోయాడు. వెనకాల నూకాలమ్మ నవ్వుకుంటూ వెళ్ళింది.

గవరయ్య ఎగిరి గంతేశాడు. "అన్నయ్యా, ఇంతేనా! చీపురియ్యి!"

తవిటినాయుడు వాడి చెయ్యి పట్టుకున్నాడు. "ఆగరా తెలివితక్కువోడా. వాళ్ళు ఇప్పుడే కదా వెళ్ళారు!"

అంతే. ఊడవలేదు. మర్నాడు పాలవాడు వెళ్ళాడు. ఆ మర్నాడు పిల్లి. పప్పు ఎండి గచ్చులా గట్టిపడింది. వారం అయింది. వరహాలు ఫోను చేసి "ఎన్నాళ్ళు బావా?" అంది. గవరయ్య తిండి ఒక్క పూటకి దిగింది. ఇక లాభం లేదని నలుగురూ కూర్చుని, ఉట్టి మీది తెలివంతా కిందికి దింపి ఆలోచించారు.

"ఎవరూ బయటికి వెళ్ళకపోతే ఊడవొచ్చు" అంది పోలమ్మ.

"బయటికి దారి లేకపోతే ఎవరూ వెళ్ళరు" అన్నాడు తవిటినాయుడు.

ఇంకేముంది! ఆ రోజే ఇటుకలు తెచ్చారు, గేటు పీకేశారు, గేటున్నచోట గోడ కట్టడం మొదలెట్టారు. నలుగురూ చెమటలు కక్కుతూ పొద్దున్నించి సాయంత్రం దాకా కట్టారు. నిలువెత్తు గోడ. చీమ దూరే సందు లేదు. తవిటినాయుడు ఆఖరి ఇటుక పెట్టి, మట్టి మెత్తి, చేతులు దులుపుకున్నాడు.

"ఇంక ఈ వాకిట్లోంచి ఒక్క ప్రాణి బయటికి వెళ్ళలేదు" అంది పోలమ్మ గర్వంగా. "గవరా, చీపురందుకో."

గవరయ్య చీపురు కోసం చూశాడు. కుడివైపు చూస్తే వీధి. ఎడమవైపు చూస్తే వీధి. ఎదురుగా గోడ. చీపురు గోడకి అవతల ఉంది. వాళ్ళు నలుగురూ ఇవతల ఉన్నారు.

"అమ్మా" అన్నాడు నెమ్మదిగా, "మనం ఇప్పుడు వెళ్ళినట్టా, ఉన్నట్టా?"

నలుగురూ వీధిలో కూర్చుని ఆ సంగతే తేల్చుకుంటున్నారు. గోడ అవతల బాదం చెట్టు మీంచి ఒక్క ఆకు రాలి, పప్పులో పడింది.

ఆఁ, చాలు చాలు, నవ్వింది చాలు. వీధి చివర మీ అమ్మలు కేకలేస్తున్నారు, వినబడటం లేదా? లేవండి. ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కుని అన్నం తినండి. వేడి అన్నమైతే నెమ్మదిగా ఊదుకోండి, పక్కవాడి కంచం మీదికి కాదు.

ఏమిటమ్మా? చాప కింద ఈ చెత్తంతా నేను ఊడుస్తానా అంటావా? ఊడవనా మరి! మీరిప్పుడే కదా వెళ్తున్నారు... కాసేపాగి ఊడుస్తాలే.